పచ్చగా మిగిలిన సాలు

శతభిషం కార్తె

ఇవాళ మూడో సాలు చెట్ల వేళ్లు కడిగితే మట్టి పోలేదు.

ఇది నా రోజువారీ పని. మేమంతా కాపురముండే ఈ పందిరి కింద ఉన్న చీనీ చెట్ల, అంటే బత్తాయి చెట్ల, వేళ్లు చూసే బాధ్యత నాది. చెట్టు మొదలుకు మూరెడు దూరంలో గుంత తీసి, దారాల్లాంటి పీచువేళ్లు కొన్ని కోసి, చెంబులో ముంచి ఆడిస్తాను. మట్టి అడుగుకు దిగిపోతుంది. వేరు లేత పసుపు రంగులో తేలుతుంది. దాన్ని చూసి తడి ఎక్కువైందో తక్కువైందో నేల కింది గొట్టాల నీళ్లు వదిలే దస్తగిరి అన్నకు చెబుతాను. అంతే.

ఇవాళ ఎంత ఆడించినా నీళ్లు మురికి కాలేదు. బొటనవేలితో రుద్దాను. వేరు తోలు ఊడి చేతికొచ్చింది గానీ మట్టి మాత్రం బంకతో అంటించినట్టు అలాగే ఉంది.

మూడో సాలు చెట్ల కొనకొమ్మలు రెండేళ్లుగా ఎండుతున్నాయి. ఆకు చిన్నదైంది, కాయ నిమ్మకాయంత అయింది. వయసు మీద పడిందనుకున్నాం. నేనూ అదే అనుకున్నాను. వేరు ముక్క తీసుకెళ్లి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను.

చూసిన వెంటనే కుర్చీ వెనక్కి పడేంత విసురుగా లేచాను.

వేరు మీద ఖాళీ లేదు. నులిపురుగులు. తల వేరులోపల కూరుకుని, ఒళ్లు బయట సంచిలా ఉబ్బి, వరసగా, పాలు తాగే కుక్కపిల్లల్లా. ప్రతిదాని చుట్టూ జిగురు, జిగురు నిండా గుడ్లు. మట్టిని పట్టుకుని వదలనిది ఆ జిగురే. ఈ పురుగు పేరు నాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ మట్టిలో ఒకటో రెండో చూస్తూనే ఉన్నాను. చీనీ ఉన్న చోట అదీ ఉంటుంది. ఇన్ని ఉండగలవని మాత్రం ఎవరూ చెప్పలేదు.

దస్తగిరి అన్నను పిలిచి చూపించాను. ఆయన కన్ను ఆనించి, వెంటనే తల ఎత్తేశాడు.

"థూ! ఇవి ఇప్పుడు బతికే ఉండాయా?"

"తింటాండాయి అన్నా. చూడు, కదుల్తాండాయి."

"మందు ఏస్తే పోతాయి గదా?"

"ఏ నీళ్లల్లో ఏస్తావు? గొట్టాల నీళ్లే తిరిగి వచ్చి మన బిందెల్లో పడ్తాయి."

బయట, కొమ్మకు కట్టిన ఉయ్యాలలో ఎవరి బిడ్డో నిద్రపోతోంది. మా పైకప్పు ఎండను ఆపుతుంది, వేడిని ఆపలేదు. వేడిని ఆపేది ఈ ఆకులు వదిలే తేమ. చెట్లు పోతే ఒక్క మధ్యాహ్నం కూడా మేమిక్కడ ఉండలేం.


శతభిషం చివర

అన్ని సాళ్లూ తవ్వి చూశాను. అన్నింటిలోనూ ఉన్నాయి.

ఒక్క చెట్టుకే లేవు. ఈశాన్యం మూల ఒక గిడసబారిన చెట్టుంది. చల్లనీళ్ల గొట్టం అక్కడిదాకా పోలేదు. ఏటా వేసవిలో సగం చచ్చి, వానలకు మళ్లీ లేస్తుంది. దాన్ని చూసి జాలిపడని వాళ్లు లేరు. దాని వేళ్లు చెంబులో ముంచగానే శుభ్రపడ్డాయి.

మైక్రోస్కోపు ముందు చాలాసేపు కూర్చున్నాను. పందిరి నేల కింద మట్టిగొట్టాలు వేసి పదేళ్లు దాటింది. వాటిలో తిరిగే చల్లనీళ్లు నేలను చల్లబరుస్తాయి, ఊరుతూ వేళ్లకు తడి ఇస్తాయి. ఏ కార్తెలో చెయ్యి పెట్టినా నేల ఒకేలా ఉంటుంది, చల్లగా, మెత్తగా. అంతకుముందు ఏటా నేల కాలేది, బీటలు వారేది. చెట్లు నలిగేవి. పురుగులు అంతకంటే ఎక్కువ నలిగేవి. మేము మట్టికి ఎండాకాలం లేకుండా చేశాం. ఆ మేలు ముందుగా అందుకున్నవి ఇవే.

ఈ మాట మా మామకు చెప్పాలి. గొట్టాలు వేయించింది ఆయనే.


పూర్వాభాద్ర కార్తె

మామ పేరు మద్దిలేటి. పందిరికి పెద్ద. నా భర్త పోయాక కూడా నేను ఆ ఇంట్లోనే, ఆయన కూతురిలాగే ఉన్నాను. ఇంటి ముందున్న మొదటి సాలు ఆయన స్వయంగా నాటింది.

చెప్పింది మొత్తం కదలకుండా విన్నాడు.

"అయితే నా గొట్టాలే తప్పంటావా, పాపా?"

"తప్పని కాదు మామా. మనకు హాయైనదే వాటికీ హాయైంది."

"నీళ్లు ఆపితే చెట్లు నిలుస్తాయా?"

అందుకు నా దగ్గర ఒక ఉపాయం ఉంది. ప్రతి చెట్టుకూ రెండు పక్కలా గొట్టాలున్నాయి. తూర్పు పక్క మూసేద్దాం, పడమటి పక్క వదులుదాం. తూర్పు మట్టి ఎండి పురుగు చస్తుంది, పడమటి నీళ్లతో చెట్టు బతుకుతుంది. తర్వాత పక్క మార్చుదాం. మామ ముఖం తేటపడింది.

"అట్ల చెయ్యి. చెట్టు చావకూడదు, అంతే నేను చెప్పేది."

సాయంత్రం దస్తగిరి అన్న నీళ్లు ఆపే తూర్పు పక్క తిరుగుడులన్నీ బిగించాడు.


ఉత్తరాభాద్ర కార్తె

తూర్పు పక్క నేల పైన పిండిలా అయింది. చెట్లు వాడలేదు. నడిచేవాళ్లు ఆ పక్క దుమ్ము లేస్తోందని విసుక్కుంటున్నారు. నాకు ఆ దుమ్ము చూస్తే ప్రాణం లేచొస్తోంది. వేళ్లను కదిలించొద్దని తవ్వకుండా ఓపిక పట్టాను.


అశ్విని కార్తె

లెక్క తప్పింది.

మొన్న తవ్వాను. పడమటి తడి మట్టిలో పురుగులు ముందున్నన్నే ఉన్నాయి. తూర్పు ఎండు మట్టిలో ఎక్కువయ్యాయి. తగ్గటం కాదు, పెరిగాయి. మట్టి నమూనాల సంచులు కలగలిశాయేమోనని మళ్లీ తవ్వాను. వేరే సాలులో తవ్వాను. ప్రతి చోటా అంతే. ఎండబెట్టిన పక్కనే వేళ్లు మట్టి కప్పుకుని ఉన్నాయి.

దస్తగిరి అన్న మీద అరిచాను. "సరిగ్గా బిగించినావా లేదా?"

"నా బిడ్డ మీద ఒట్టు సుంకులమ్మా, ఒక చుక్క పోల్యా. రా, గొట్టం పగలగొట్టి చూపిస్తా."

నిజంగానే పగలగొట్టాడు. లోపల సాలీడు గూడు కట్టి ఉంది.

అయినా తెల్లవారి తవ్విన గుంతలో, జానెడు లోతున, పీచువేళ్ల చుట్టూ మట్టి చెమ్మగా ఉంది. వేలికి అంటుకుంది. చుట్టూ అంతా దుమ్ము, వేరు చుట్టూ మాత్రం చెమ్మ. ఆ చెమ్మ మధ్యాహ్నానికి ఆరింది. మర్నాడు తెల్లవారికి మళ్లీ ఉంది. వాన లేదు. గొట్టంలో నీళ్లు లేవు. మరి ఎక్కడిది?

కొమ్మ పట్టుకుని నిలబడి ఉండగా తట్టింది. పట్టుకున్న కొమ్మను వదిలేశాను.

చెట్టే పోస్తోంది.

పడమటి వేళ్లతో తాగి, ఎండ లేని వేళ ఆ నీళ్లను తూర్పు వేళ్ల దాకా తీసుకెళ్లి, ఎండిన మట్టిలోకి వదులుతోంది. తన వేళ్లు చచ్చిపోకుండా కాపాడుకుంటోంది. వేళ్లతోపాటు వాటిని కొరుకుతున్న వాటినీ కాపాడుతోంది. పైగా ఎండిన పక్కన ఈ పురుగులను తినే బూజులు చచ్చిపోయి ఉంటాయి. వీటికి ఇక అడ్డెవరు?

సగం ఎండబెట్టడమంటే వాటికి మంచి ఇల్లు కట్టివ్వడమే. ఆ ఇల్లు కట్టింది నేను.


భరణి కార్తె

పందిరిలో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఒక్కటే దారి. రెండు పక్కలా మూసేయాలి. చెట్టుకు తేవడానికి నీళ్లు ఎక్కడా దొరక్కూడదు. రోహిణి ఎండకు నేల ఒకేసారి మొత్తం కాలాలి. చెట్లు ఆకులు రాల్చేస్తాయి. కొన్ని చస్తాయి. ఆకులు లేని పందిరిలో మనం ఉండలేం కాబట్టి వానలు పడేదాకా అందరం గవికి, ఆ కొండగుహకు, పోవాలి.

గవి అన్న మాటకు అందరూ మామ వైపు చూశారు. గొట్టాలు రాకముందు ఏటా రోహిణికి జనం కొండ గవిలోకి పోయి తలదాచుకునేవారు. ఒక ఏడు అక్కడే జ్వరం వచ్చి మామకు పుట్టిన మొదటి ఆడబిడ్డ పోయింది. ఇంకెవరూ గవికి పోయే పని లేకుండా చేస్తానని ఆయన గొట్టాలు వేయించాడు.

"నేను బతికుండంగా గవికి పోయేది ల్యా," అన్నాడు మామ.

అప్పుడు మా అత్త ఓబుళమ్మ నోరు విప్పింది. ఆమె మామ మాటకు నలుగురిలో ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు.

"మా నాయన కాలంలో దీన్ని బెట్ట అంటాండ్రి. ఏటా చీనీని బెట్టకు వదుల్తాండ్రి. ఎండల్లా, మల్ల నీళ్లు పెట్టల్లా. అప్పుడే పూత."

"అప్పటి ఎండ వేరే, ఇప్పటి ఎండ వేరే."

"చెట్టు అదే గదప్పా."

మామ లేచి ఇంట్లోకి వెళ్లాడు. కొంతసేపటికి గొట్టాల తిరుగుడులు తిప్పే తాళం తెచ్చి నా ఒళ్లో వేశాడు. నా ముఖం చూడలేదు.


కృత్తిక కార్తె

అన్నీ మూసేశాం. ఉయ్యాలలు విప్పాం. పిల్లలు గవి అంటే విహారమనుకుని ముందు పరిగెత్తారు.

వెళ్లేటప్పటికే ఆకులు పడవల్లా ముడుచుకున్నాయి. వెనక్కి చూస్తే తోటంతా బూడిద రంగు. అందులో సగం చెట్లకు వేళ్లు చూసింది నేనే. ఒక్కొక్కదాని వేరు ఎటు తిరిగిందో నాకు తెలుసు. వాటికి నీళ్లు ఆపేసి పోతున్నది కూడా నేనే.


రోహిణి కార్తె

గవిలో గాలి ఆడదు గానీ చల్లగా ఉంది. వంట గవి వాకిట్లో, తెల్లవారుజామునే; పొగంతా లోపలికే. ఎండెక్కాక ఎవరూ కదలరు.

తోట చూసి రావడానికి రోజూ పొద్దు పొడవకముందే మామ ఒక్కడే పోతున్నాడు. నేనూ వస్తానంటే వద్దన్నాడు.

"నువ్వు చూడలేవు పాపా. పైకప్పు ఎగిరిపోకుండా కట్లు చూసి వస్తా. నాకు గవిలో ఊపిరాడదు."

నాకూ చూడాలని లేదు. ఆయన వద్దన్నందుకు లోపల ఎక్కడో ఊరట కూడా కలిగింది. తిరిగొచ్చాక ఎలా ఉన్నాయని అడిగితే, "ఉండాయిలే" అనేవాడు. గవికి రానన్న మనిషి ముఖం రోజురోజుకూ ప్రశాంతంగా మారుతుంటే, అలవాటు పడ్డాడనుకున్నాం.


రోహిణి చివర

మామ ఇవాళ తిరిగి రాలేదు.

పొద్దు బాగా ఎక్కాక దస్తగిరి అన్న, నేను తడిగుడ్డలు కప్పుకుని బయల్దేరాం. పందిరిలో అడుగు పెట్టగానే వేడి ముఖానికి కొట్టింది. ఒక సాలు తర్వాత ఒక సాలు, ఆకు అన్నది లేదు. కాళ్ల కింద ఎండాకు పటపటమంది. ఇంటి దగ్గరికి వచ్చేసరికి దస్తగిరి అన్న ఆగిపోయాడు.

"సుంకులమ్మా, అదేందమ్మా?"

మొదటి సాలు పచ్చగా ఉంది.

అంత బూడిద మధ్యలో ఒకే ఒక సాలు, ఈ చివర నుంచి ఆ చివరి దాకా, నిగనిగలాడుతూ ఉంది. కల కంటున్నానా అనిపించింది. మూడో చెట్టుకు వీపు ఆనించి మామ కూర్చుని ఉన్నాడు. పిలిచాం. దగ్గరికెళ్లి తాకాం. ఎప్పుడో పోయాడు. ఒళ్లు ఎండకు కాగి ఉంది. కాళ్లు మాత్రం బురదలో ఉన్నాయి.

బురద.

ఆయన చెయ్యి పట్టుకోవలసింది. నేను మట్టి పట్టుకున్నాను. చల్లటి, మెత్తటి మట్టి, పిడికిట్లో ముద్దయింది. తాళం నా దగ్గరుంది గానీ ఆ గొట్టాలను వేసిన మనిషికి తాళంతో పనేముంది? సాలు మొదట్లో ఒక బండ తీసి, కింద, తిరుగుడుకు అవతల నీళ్లుండే గొట్టానికి చిన్న చిల్లు పెట్టి, సాలు గొట్టంతో కలిపాడు. రోజూ తెల్లవారుజామున వచ్చి, బిరడా తీసి, నీళ్లు పారించి, మూసి వచ్చేవాడు. ఇవాళ మూసేందుకు లేవలేకపోయాడు.

దస్తగిరి అన్న ఆయన తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే, నేను వెళ్లి బిరడా బిగించాను. ఏడుపు రాలేదు. తల లోపల ఒకే మాట తిరిగింది. ఇది ఎందుకు చేశావు మామా? ఎందుకు చేశావు?


మృగశిర కార్తె

వాన పడింది. మామను కొండ వాలున పూడ్చి వచ్చాం. నీళ్లు వదిలాం.

తిరిగొచ్చిన జనం మొదటి సాలు చూసి దాని చుట్టూ చేరారు. ఎవరో మొదటి చెట్టుకు పసుపు రాశారు. తర్వాత అందరూ రాశారు. టెంకాయలు కొట్టారు. ప్రాణం ఇచ్చి చెట్లను నిలబెట్టాడని ఆడవాళ్లు పిల్లలకు చెప్పారు. ఉయ్యాలలన్నీ ఆ సాలుకే కట్టారు, నీడ అక్కడే ఉంది మరి. మిగతా తోటను చూపించి ఒకాయన నన్ను అడిగాడు: "ఇదంతా ఎందుకు చంపించినావమ్మా?"

మామ గొట్టానికి పెట్టిన చిల్లు సంగతి దస్తగిరి అన్న, నేను ఇంకా ఎవరికీ చెప్పలేదు.


ఆరుద్ర కార్తె

ఉదయం లేచేసరికి వాసన.

ముందు ఎవరో సెంటు ఒలకబోశారనుకున్నాను. బయటికొచ్చి చూస్తే తోటంతా తెల్లగా ఉంది. ఆకు కంటే ముందు పువ్వు. ఎండిపోయాయనుకున్న కొమ్మల మీద, కొన నుంచి మొదలు దాకా పూత. పదేళ్లుగా మా చెట్లు ఏడాదంతా నాలుగు పూలు ఇక్కడ, నాలుగు పూలు అక్కడ పూసేవి. అందరూ బయటికొచ్చి, చెట్ల మధ్య తిరిగారు. కొన్ని చెట్లు లేవలేదు, నిజమే. వాటిని చూసి బాధపడటానికి కూడా ఆ పూత తీరిక ఇవ్వలేదు.

మొదటి సాలులో ఒక్క పువ్వు లేదు. ఆకులే.

గడ్డపార తీసుకుని మూడో సాలుకు వెళ్లాను. కొత్త పీచువేళ్లు. చెంబులో ముంచగానే మట్టి దిగిపోయింది. మైక్రోస్కోపు కింద వెతికి వెతికి, లోతు మట్టిలో ఎక్కడో ఒకటి దొరికింది. అన్ని సాళ్లూ చూశాను. అంతే.

ఆఖరున మొదటి సాలు తవ్వాను. మట్టి పోలేదు.

"చెప్పద్దు," అన్నాడు దస్తగిరి అన్న. "కొన్నాళ్లు పోనీ. పసుపు కూడా ఆరల్యా ఇంకా."

"పక్క సాలు వేళ్లు దీనికి తగుల్తాండాయి అన్నా. పురుగులు నీళ్లెంట పోతాయి, మన పారలెంట పోతాయి."

"జనం నిన్ను బతకనియ్యరు."

"తెలుసు."

అత్త గడప మీద కూర్చుని ఉంది. వేరు ముక్క ఆమె చేతిలో పెట్టాను. ఎలా చెప్పానో గుర్తు లేదు. పూర్తిగా చెప్పాననే అనుకుంటాను. గొట్టం, బిరడా, పురుగులు, ఈ సాలును పెరికెయ్యాల్సిన సంగతి. అత్త వేరును వేళ్ల మధ్య పెట్టి రుద్దింది. మట్టి పోలేదు. మళ్లీ రుద్దింది.

"ఆయప్ప రోజూ వచ్చింది దీనికేనా?"

"అవునత్తా."

"నాకు ఒక మాట చెప్పలేదు సూడు." వేరును కొంగు చివర తుడిచింది, తుడిస్తే పోతుందన్నట్టు. ఆ తర్వాత లేచి, నా చేతిలోంచి గడ్డపార తీసుకుని, మామ ఆనుకుని కూర్చున్న మూడో చెట్టు దగ్గరికి నడిచింది.

మొదటి దెబ్బకు పసుపు రాసిన బెరడు లేచింది. జనం కేకలు పెడుతూ వచ్చారు. ఒకామె పరుగున వచ్చి ఉయ్యాలలోని బిడ్డను ఎత్తుకుంది. ఇంకొకాయన గడ్డపార పట్టుకోబోయాడు.

"ఏమ్మా, నీకేమన్నా మతి పోయిందా? మద్దిలేటన్న ప్రాణం పెట్టిన చెట్టు ఇది!"

"పెట్టినాడు," అంది అత్త. "ఆయప్ప నీళ్లు పోసింది చెట్టుకు. తాగింది ఇవి. ఇంగ ఎవరన్నా అడ్డమొస్తే నా మీద కాలు పెట్టి పోండి."

నేను వేరు కడిగి చూపించాను. తర్వాత మూడో సాలు వేరు కడిగి చూపించాను. ఒక్కొక్కరినీ పిలిచి మైక్రోస్కోపులో చూపించాను. చూసిన ప్రతివాళ్లూ ఒక అడుగు వెనక్కి వేశారు. గడ్డపార పట్టుకోబోయినాయన అందరికంటే ఎక్కువసేపు చూశాడు. తర్వాత పోయి తన గడ్డపార తెచ్చుకున్నాడు.

సాయంత్రానికి సాలంతా పెకలించి, పందిరి బయట ఎండలో పరిచాం. మా ఇంటి ముందు ఇప్పుడు నీడ లేదు. గుంతల వరస మాత్రం ఉంది. అత్త గుంత గట్టున కూర్చుని చేతులు కడుక్కుంటూ అడిగింది.

"లోతున ఒకటీ అరా ఉండాయంటివి. మల్ల పెరుగుతాయా?"

"పెరుగుతాయి అత్తా. పూర్తిగా పోవు. ఏటా రోహిణికి ఎండబెట్టల్లా."

"అంటే ఏటా గవికి పోవల్లా?"

"ఏటా."

ఆమె కొండ వైపు చూసింది. ఆ గవిలో ఒక బిడ్డ, ఆ వాలున భర్త. వద్దంటుందేమో అనుకున్నాను.

"సరే," అంది చివరికి. "అయితే వచ్చే రోహిణి లోపల అక్కడ మంచి పొయ్యి ఒకటి కట్టల్లా. ఈసారి పొగకు సచ్చినాం."